బొంత మీద బొమ్మ - శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ జీవితం

ఈ ఏటి సాంస్కృతికోత్సవాలలో ప్రదర్శించడానికి మన సాయంకాలపు తెలుగు తరగతిలోని పిల్లలు, వారి తల్లిదండ్రులు కలిసి ఒక బొంత తయారు చేశారు. అది పరుచుకునే బొంత కాదు, గోడకు వేలాడదీసేది. నడుమ ఒక పెద్దావిడ ముఖం, చుట్టూ ఎనిమిది గడులు ఉంటాయి. ముఖం రంగులతో వ్రాసినది. గడులలో కొన్ని వ్రాసినవి, కొన్ని అతుకులు వేసి కుట్టినవి. ఆ ముఖం శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ గారిది. ఈ పేరు మన పెద్దలలో చాలామందికి తెలుసు. మస్కట్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లలకు మాత్రం తెలియదు. అందుచేత బొంతలోని గడులను వరుసగా చూపిస్తూ వారి జీవితాన్ని మన కుటుంబాలవారికి పరిచయం చేయాలని సంకల్పించాము.

మొదటే ఒక సంగతి మనవి చేయాలి. కమలాదేవి గారు తెలుగువారు కారు. వారి ఇంటి భాష కొంకణి. తెలుగు పండుగకు తెలుగువారి బొమ్మ ఉండవద్దా అని తరగతిలో కొందరు తల్లిదండ్రులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఏడవ గడిలో ఉన్నది. అక్కడిదాకా పాఠకులు ఓపిక పట్టవలెనని కోరుతున్నాము.

మొదటి గడి: సముద్రం ఒడ్డున ఇల్లు

మొదటి గడిలో కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు, ఇంటి ముందు అమ్మాయి చెయ్యి పట్టుకొని నిలబడ్డ తల్లి కనిపిస్తారు. కమలాదేవి గారు 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగుళూరులో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ గారు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. తల్లి గిరిజాబాయి గారు చదువంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ రోజుల్లో మంగుళూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా అదే రాష్ట్రంలో ఉండేవి. కనుక పుట్టుకతో వారు మనకు మరీ దూరపువారు కారు.

కమలాదేవి గారికి ఏడేళ్ళు వచ్చేసరికి తండ్రి గతించారు. వీలునామా వ్రాయలేదు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తి అంతా మగ వారసుని పాలయింది. భార్యకూ ఆడపిల్లకూ అందులో హక్కు లేదు. పెద్ద ఇంటిలో పెరిగిన పిల్ల ఒక్కసారిగా ఏమీ లేనిదయింది. గిరిజాబాయి గారు తన పుట్టింటివారు పెట్టినదానితోనే కూతురిని పెంచి చదివించారు. ఆడదానికి చట్టంలో చోటు లేకపోతే ఏమవుతుందో కమలాదేవి గారు పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తన ఇంటిలోనే చూశారు.

రెండవ గడి: గజ్జెలు, పుస్తకం

ఆ కాలపు ఆచారం ప్రకారం వారికి 1917లో, పద్నాలుగేళ్ళ వయస్సులో, వివాహం జరిగింది. రెండేళ్ళు తిరగకముందే భర్త మరణించారు. పదహారేళ్ళ విధవకు అప్పటి సమాజం కేటాయించిన స్థానం ఏమిటో మన ముత్తవ్వల కథలు విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. కాని తల్లి తోడు నిలిచి, ఆమెను చదువు మాన్పించలేదు. మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చేర్చారు. అక్కడ సుహాసిని అనే తోటి విద్యార్థిని స్నేహం కలిసింది. సుహాసిని సరోజినీ నాయుడు గారి చెల్లెలు.

ఇక్కడ మన హైదరాబాదు కథలోకి వస్తుంది. సరోజినీ దేవి గారి తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ గారు వంగదేశం నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడి, నిజాం కళాశాలకు పునాది వేసిన విద్యావేత్త. ఆ ఇంటి చిన్నకొడుకు హరీంద్రనాథ్ కవి, నటుడు. కమలాదేవి గారు ఆయనను పునర్వివాహం చేసుకున్నారు. విధవా వివాహాన్ని, పైగా ప్రాంతం కాని ప్రాంతపు సంబంధాన్ని, బంధువర్గం హర్షించలేదు. దంపతులిద్దరూ నాటకాలు ఆడారు. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడమే తప్పనుకునే రోజులవి. 1931లో వచ్చిన వసంతసేన అనే కన్నడ మూకీ చిత్రంలోనూ, తరువాత సైగల్ నటించిన 1943 నాటి తాన్‌సేన్ చిత్రంలోనూ వారు వేషాలు వేశారు. భర్తతో కాపురం సాగలేదు, కొన్నేళ్ళకు విడిపోయారు. ఒక్క కుమారుడు రామకృష్ణ. ఈ మధ్యలో లండన్ వెళ్ళి బెడ్‌ఫర్డ్ కళాశాలలో సమాజశాస్త్రం చదివారు. గాంధీగారి సహాయనిరాకరణ ఉద్యమం సంగతి విని 1923లో స్వదేశానికి తిరిగివచ్చారు.

ఈ గడిలో పిల్లలు ఒక పక్క గజ్జెలు, మరొక పక్క పుస్తకం కుట్టారు.

మూడవ గడి: ఓటు పెట్టె

1926లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు వచ్చాయి. స్త్రీలు పోటీచేయడానికి అప్పుడే దారి తెరుచుకుంది. ఐర్లండ్ నుంచి వచ్చి మన మదనపల్లెలో కొంతకాలం పనిచేసిన మార్గరెట్ కజిన్స్ గారు పట్టుబట్టి కమలాదేవి గారిని నిలబెట్టారు. ప్రచారానికి ఉన్న వ్యవధి కొద్ది రోజులే. అయినా స్వల్పమైన ఓట్ల తేడాతో మాత్రమే ఓడిపోయారు. మన దేశంలో శాసనసభకు పోటీచేసిన తొలి మహిళగా వారి పేరు చరిత్రలో నిలిచింది. మరుసటి ఏడు, 1927లో, అఖిల భారత మహిళా సభ ఏర్పడినప్పుడు దాని నిర్వహణ బాధ్యత వారిమీదనే పడింది. బాల్యవివాహాల నిషేధం, ఆడపిల్లల చదువు, స్త్రీల ఆస్తి హక్కు - ఈ మూడింటి కోసం వారు దేశమంతా తిరిగారు. ఈ మూడూ తన బాల్యంలో తాను పోగొట్టుకున్నవో, పోగొట్టుకోబోయినవో అని గమనించవలెను.

నాలుగవ గడి: ఉప్పు పొట్లం

1930లో గాంధీగారు దండియాత్ర ప్రకటించినప్పుడు యాత్రలో స్త్రీలను చేర్చుకోలేదు. కమలాదేవి గారికి అది నచ్చలేదు. స్వయంగా ఆయన దగ్గరకు వెళ్ళి వాదించారు. ఉప్పు వంటింటి వస్తువు, వంటిల్లు స్త్రీలది, అటువంటప్పుడు ఉప్పు పోరాటంలో స్త్రీలకు చోటు లేకపోవడం ఏమిటన్నది వారి వాదన. చివరకు సత్యాగ్రహంలో స్త్రీలు పాల్గొనవచ్చునని గాంధీగారు అంగీకరించారు. ఆ పిలుపుతో దేశమంతటా వేలాది స్త్రీలు వీధులలోకి వచ్చారు. మన ఆంధ్రదేశంలో దుర్గాబాయమ్మ గారి వంటివారు జైళ్ళకు వెళ్ళింది ఈ పోరాటంలోనే.

బొంబాయిలో చట్టాన్ని ఉల్లంఘించిన మొదటి జట్టులో ఏడుగురు ఉండగా, అందులో ఇద్దరు స్త్రీలు. ఒకరు అవంతికాబాయి గోఖలే గారు, మరొకరు కమలాదేవి గారు. చౌపాటీ ఒడ్డున ఉప్పు వండారు. పొట్లాలు కట్టి వాటాల బజారులోకే వెళ్ళి వేలం వేశారు. కోర్టులో న్యాయాధికారిని కూడా ఒక పొట్లం కొనవలసిందిగా కోరారు. ఒక తోపులాటలో జెండా కింద పడకుండా దానిని రెండు చేతులా చుట్టేసుకొని వదలకుండా నిలబడ్డారు. ఆ దృశ్యం దేశమంతటా మారుమ్రోగింది. అటు తరువాత జైలు. అది మొదలుగా వారు చెరసాలలో గడిపిన కాలమంతా కలిపితే ఏళ్ళకు ఏళ్ళు అవుతుంది. 1936లో కాంగ్రెసు సోషలిస్టు పార్టీకి అధ్యక్షులయ్యారు.

ఈ గడికి వాడిన తెల్లటి గుడ్డ మీద చిన్న చిన్న ముడికుట్లు వేసి ఉప్పు రవ్వలను చూపించారు. ఆ పని చేసినవారు పదేళ్ళ పిల్లలు.

ఐదవ గడి: రైలు

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కమలాదేవి గారు విదేశాలలో ఉన్నారు. భారత స్వాతంత్ర్యం గురించి ఉపన్యసిస్తూ అమెరికా అంతా పర్యటించారు. 1941 ప్రాంతంలో ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో రైలులో పోతుండగా, తెల్లవారి పెట్టెలో కూర్చున్నందుకు టిక్కెట్ల ఉద్యోగి లేచి వేరే పెట్టెలోకి పొమ్మన్నాడు. వారు కదలలేదు. ఏ దేశస్థులని అతడు అడిగాడు. భారతీయురాలని తెలిస్తే అక్కడే ఉండనిచ్చేవాడేమో. కాని ఆ మినహాయింపు వారికి అక్కరలేకపోయింది. తాను నల్లజాతి వారి వంటి మనిషినేననీ, లేచే ఉద్దేశం తనకు లేదనీ స్పష్టం చేశారు. ఉద్యోగి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

విదేశాలలో బ్రతికే మనకు ఈ గడి ముఖ్యమైనది. పరాయిదేశంలో మన గౌరవం మనం కాపాడుకోవడం ఒక ఎత్తు. మనకు మాత్రం దారి వదిలి మన పక్కవాడికి అడ్డుపెడితే ఆ దారిన పోకపోవడం మరొక ఎత్తు. కమలాదేవి గారు ఆ రెండవది చేశారు.

ఆరవ గడి: ఇటుక, మగ్గం

1947లో స్వాతంత్ర్యం వచ్చింది, దేశం రెండయింది. ఇల్లూ వాకిలీ వదులుకొని లక్షలాది జనం ఢిల్లీ చేరారు. తోటి నాయకులు చాలామంది మంత్రి పదవులలోకి వెళ్ళారు. కమలాదేవి గారు శరణార్థుల డేరాలలోకి వెళ్ళారు. 1948లో భారత సహకార సంఘాన్ని స్థాపించారు. వాయవ్య సరిహద్దు నుంచి వచ్చినవారు ఢిల్లీ పక్కన ఫరీదాబాదులో తమ చేతులతోనే తమ ఊరు కట్టుకునేటట్లు సహకార పద్ధతిని నేర్పారు. ఊరికే ఇచ్చే రొట్టెకన్నా పని ముఖ్యమని వారి నమ్మకం. మనిషి సర్వం పోగొట్టుకున్నా చేతిలోని పని పోదు, దాన్ని నిలబెడితే మనిషి నిలబడతాడు అన్న సంగతి వారికి ఆ డేరాలలో కళ్ళకు కట్టింది. వారి శేషజీవితమంతా ఈ ఒక్క సత్యం మీదనే నడిచింది.

1952లో ఢిల్లీలోని కుటీర పరిశ్రమల విక్రయశాల నిర్వహణను సహకార సంఘం చేపట్టింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం అఖిల భారత హస్తకళల బోర్డును నెలకొల్పి కమలాదేవి గారిని అధ్యక్షురాలిని చేసింది. అప్పటినుంచి రైలులో, బస్సులో, ఎడ్లబండిలో, కాలినడకన వారు తిరగని పల్లె లేదన్నట్టుగా తిరిగారు. కుమ్మరి, కమ్మరి, చాప అల్లేవారు, బొమ్మలు చెక్కేవారు - వీరి ఇళ్ళకు వెళ్ళి, నేల మీద కూర్చుని, ఏం చేస్తున్నారో, ఎవరు కొంటున్నారో, పిల్లలకు నేర్పుతున్నారో లేదో అడిగేవారు. ఈ చివరి ప్రశ్నకు చాలా చోట్ల లేదన్నదే సమాధానం.

ఏడవ గడి: కలం

ఇప్పుడు మన తెలుగునాటికి వద్దాము. తిరుపతి జిల్లాలో స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి క్షేత్రం ఉన్నది. అక్కడ తరతరాలుగా గుడ్డమీద పురాణకథలు వ్రాసే కళ ఉన్నది. కలంకారీ అన్నది పారశీక భాషనుంచి వచ్చిన పేరు. మనవాళ్ళు దానిని వ్రాతపని అనేవారు. అక్షరాన్నీ బొమ్మనూ రెంటినీ వ్రాయడం అనే మన పాతకాలపు మాట ఎంత సరైనదో ఆ గుడ్డలు చూస్తే తెలుస్తుంది. రామాయణ, భారత కథలు గడులు గడులుగా వ్రాసి, ఒక్కొక్క దృశ్యం వద్ద ఆ కథను తెలుగులోనే వ్రాసేవారు. గుడిలో వ్రేలాడే ఆ గుడ్డ చదువు రానివారికి బొమ్మ, వచ్చినవారికి పుస్తకం.

దీనికి సోదర కళ మచిలీపట్నంలో, పక్కనున్న పెడనలో ఉన్నది. అక్కడ కొయ్య అచ్చులతో అద్దుతారు. గోలకొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఈ అద్దకపు గుడ్డలు ఓడలకెక్కి పారశీక దేశానికి పోయేవి. అంటే ఈ సముద్రాల మీదనే మన గుడ్డ మనకన్నా కొన్ని వందల ఏళ్ళు ముందుగా ప్రయాణం చేసింది. బందరు అన్న మాట కూడా రేవు అనే అర్థంలో పారశీకమే.

పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చిపడింది. గుళ్ళకు గుడ్డలు సమర్పించే దాతలు తగ్గిపోయారు. 1950ల నాటికి శ్రీకాళహస్తిలో వ్రాతపని తెలిసినవారు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది మిగిలారు. కొడుకులు వేరే పనులు వెతుక్కున్నారు. అటువంటి సమయంలో కమలాదేవి గారి చొరవతో 1950ల చివరి భాగంలో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువుగా కొత్తవారికి నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి గారు ఆ విద్యను ఎందరికో పంచి, 2008లో పద్మశ్రీ పురస్కారం పొందారు.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్త అవసరం. కలంకారీని కమలాదేవి గారే బ్రతికించారని కొన్ని పుస్తకాలలో చదువుతాము. అది పూర్తి నిజం కాదు. కొనేవాళ్ళు లేకపోయినా రంగు వండడం మరిచిపోకుండా, కలం పట్టడం మానకుండా ఉన్న ఆ ముసలివాళ్ళు దానిని బ్రతికించారు. కమలాదేవి గారు చేసింది, ఆ ముసలివాళ్ళ ఎదుట శిష్యులను కూర్చోబెట్టడం. మూడు తరాలుగా బడిపంతులు వృత్తిలో ఉన్న కుటుంబం మాది కనుక ఈ పని విలువ మాకు కొంచెం ఎక్కువగా తెలుస్తుంది. విద్య ఉన్నవాడు ఒకచోట, నేర్చుకోదగినవాడు మరొకచోట ఉంటే లాభం లేదు. ఇద్దరినీ ఒక చాప మీదకు తెచ్చేవారు కావాలి. తెలుగువారు కాకపోయినా మన వ్రాతపనికి ఆ మేలు చేశారు గనుకనే వారి బొమ్మ మన బొంత నడుమ ఉన్నది.

బొంత తయారైన తీరు

ఇంత చెప్పిన తరువాత ఆ ముఖాన్ని దుకాణపు రంగులతో వేస్తే బాగుండదనిపించింది. శ్రీకాళహస్తి పద్ధతినే సాధ్యమైనంత వరకు అనుసరించాము. కోరా గుడ్డను నానబెట్టి ఉతికి గంజి పోగొట్టాము. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెట్టాము. కరక్కాయలోని వగరు వల్ల నలుపు రంగు గుడ్డకు పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు చుట్టూ పాకకుండా గీసినచోటే నిలుస్తుంది. ఆ పాలు గేదెపాలు కావడం మంచిది, వాటిలో కొవ్వు ఎక్కువ. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి మూడు వారాలు మూతపెట్టి ఉంచితే నల్లరంగుకు కావలసిన కసిం తయారవుతుంది. దాని వాసన గురించి చెప్పకపోవడమే మేలు. ఆ మూడు వారాలూ అది ఎవరి ఇంటి బాల్కనీలో ఉండాలన్నదే మా సమావేశాలలో పెద్ద చర్చ.

వెదురుపుల్ల చివర ఉన్ని చుట్టి, దారంతో కట్టి కలం చేసుకున్నాము. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో మెల్లగా నొక్కితే కొనకు దిగుతుంది. గీసినప్పుడు గీత లేతగా కనిపించి, కరక్కాయ పట్టిన గుడ్డమీద క్షణాల్లో నల్లబడుతుంది. పిల్లలకు ఇది ఇంద్రజాలం లాగా తోచింది. ఎరుపు రావలసినచోట పటికనీరు పూసి, తరువాత ఎర్రరంగు వేరుతో ఉడికించాలి. పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. శ్రీకాళహస్తిలో ఇటువంటి గుడ్డలను స్వర్ణముఖి పారే నీటిలో ఉతికేవారు. మస్కట్‌లో మనం వాడేది సముద్రపు ఉప్పునీటిని శుద్ధిచేసిన నీరు. కనుక తొట్టెలలో పొదుపుగా ఉతికి, ఆ నీటిని మొక్కలకు పోయకుండా వేరుగా పారబోశాము.

నీలిరంగు దగ్గర మన రెండు దేశాలూ కలిశాయి. ఈ ఒమాన్ లోపలి భాగాలలో, బహ్లా వంటి ఊళ్ళలో, ఒకప్పుడు నీలిమందు పెంచి గుడ్డలకు అద్దేవారు. అరబ్బులు దానిని నీల్ అంటారు. అది మన నీలి మాటే. ముత్రా బజారులో ఒమానీలు ధరించే కుమ్మా టోపీలను చూడండి. సన్నని రంధ్రాల చుట్టూ దారం తిప్పి కుట్టే ఆ పని ఎంతో ఓపికతో కూడినది. మన పిల్లలకు ఆ టోపీని తిరగేసి, లోపలి కుట్లు చూపించాము. ఎవరి చేతిపనిని చూసినా ముందు దాని లోపలివైపు చూడడం అలవాటు చేయాలి.

ముఖం పూర్తయ్యాక దాని కింద పలుచని దూది పొర, దాని కింద అస్తరు పెట్టి మూడింటినీ కలిపి టాకాలు వేశాము. అస్తరుకు పాత చీరలు కావాలని అడిగాము. మన ఊళ్ళలో బొంతలన్నీ అలాగే కదా పుట్టేవి. అమ్మమ్మ నేతచీర మెత్తబడితే పుట్టబోయే మనవడికి బొంత అయ్యేది. అయితే ఇక్కడ చీర ఇవ్వడానికి కొందరికి మనసొప్పలేదు. ఒక్కొక్క ఇంటిలో అమ్మమ్మ గుర్తుగా మిగిలింది ఆ ఒక్క వెంకటగిరి చీరో, గద్వాల చీరో. పెట్టెలో ఉంటే కనీసం భద్రంగా ఉంటుందన్నారు. వారి బాధ మాకు అర్థమయింది, ఎవరినీ ఒత్తిడి చేయలేదు. చివరికి నాలుగు కుటుంబాలు నాలుగు చీరలు ఇచ్చాయి. వాటిని కత్తిరించకుండా మడతలుగానే పరిచి కుట్టాము. కావాలనుకున్నప్పుడు కుట్లు విప్పితే చీరలు చీరలుగానే తిరిగి వస్తాయి.

ముఖం మీద కుట్టు ఎటు పోవాలన్నది మరొక సమస్య. అడ్డంగా నిలువుగా కుడితే ముఖానికి వల వేసినట్టవుతుంది. కనుక వయస్సు వల్ల నుదుటిమీదా బుగ్గలమీదా పడిన ముడుతల వెంబడే దారం నడిపించాము. కళ్ళ దగ్గర కుట్టు లేదు. అక్కడ దూది కొంచెం ఉబ్బి, చూపుకు జీవం వచ్చింది. తలలో పూలు, మెడలో వెండి హారం, చేనేత చీర - వీటిని రంగుగుడ్డల అతుకులతో కుట్టాము. వారు బ్రతికినన్నాళ్ళూ అలాగే కనిపించేవారు. చేతిపని నగా, చేతినేత చీరా కట్టుకోకుండా చేతిపని గురించి ఇతరులకు చెప్పడం వారి స్వభావం కాదు.

చివరి దినాలు, ఎనిమిదవ గడి

1964లో న్యూయార్కులో ప్రపంచ హస్తకళల మండలి ఏర్పడినప్పుడు కమలాదేవి గారు అందులో ప్రముఖపాత్ర వహించారు. అదే ఏడు మద్రాసులో భారత హస్తకళల మండలి వెలిసింది. 1965 నుంచి ఉత్తమ కళాకారులకు జాతీయ పురస్కారాలు ఇవ్వడం మొదలయింది. దీని విలువ చిన్నది కాదు. అంతకుముందు ఒక చాపకో, చీరకో, కుండకో ఊరిపేరు ఉండేది గాని, చేసినవాని పేరు ఉండేది కాదు. పురస్కారంతో పాటు ఆ మనిషికి పేరు వచ్చింది. 1977లో భారతీయ కుట్టుపనుల మీద వారు ఒక గ్రంథం వెలువరించారు. 1955లో పద్మభూషణ్, 1966లో మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ వారిని వరించాయి. 1986లో తమ జ్ఞాపకాలను పుస్తకంగా ప్రచురించారు. 1988 అక్టోబరు 29న, ఎనభై ఐదవ ఏట, బొంబాయిలో పరమపదించారు. ఆఖరు వరకు ప్రయాణాలు మానలేదు.

వారు కోరినదంతా నెరవేరిందని చెప్పలేము. ఈనాడు బజారులో కలంకారీ పేరుతో దొరికే గుడ్డలలో చాలా భాగం యంత్రాలమీద అచ్చయినవే. ధర తక్కువ గనుక మనమే కొంటున్నాము. వ్రాతపని చేసేవాడు ఒక చీరకు వారాల తరబడి కూర్చుంటాడు, దానికి తగిన ధర అడిగితే మనకు ఎక్కువనిపిస్తుంది. ఈ విషయంలో సభలలో ఉపన్యాసాలకన్నా సంవత్సరానికి ఒక్కటైనా చేతిపని గుడ్డను చేసినవారి పేరు అడిగి కొనడం మేలని మా అభిప్రాయం.

భాష సంగతీ అంతే. మేము బడిలో తెలుగు చదువుకోలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగుతో పెరిగి, అక్షరాలు మాత్రం పెద్దయ్యాక సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాము. శ్రీకాళహస్తి గుడ్డల మీద బొమ్మల పక్కన ఉన్న వ్రాతను కూడబలుక్కుని మొదటిసారి చదివిన రోజున, అంతవరకూ బొమ్మగా మాత్రమే కనిపించిన గుడ్డ మాకు మాటలాడింది. మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు, సంతోషమే. చదవడం రాని తెలుగు రెండు తరాలకు మించి నిలవడం కష్టం. కొనేవాడు లేక వ్రాతపని వెనుకబడినట్టే, చదివేవాడు లేక అక్షరం వెనుకబడుతుంది. దానిని నిలిపే ఉపాయం కూడా కమలాదేవి గారు శ్రీకాళహస్తిలో చూపించినదే. తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే నేర్చుకోదలచినవారిని వారి ఎదుట కూర్చోబెట్టాలి.

ఎనిమిదవ గడిలో బొమ్మ లేదు. బొంత కుట్టిన ఇరవై ముగ్గురి పేర్లు ఉన్నాయి. ఎవరి పేరు వారే తెలుగు అక్షరాలలో కలంతో వ్రాసుకొని, పైన దారంతో కుట్టుకున్నారు. కొన్ని అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒకరి పేరులో ఒత్తు పక్క గడిలోకి జారింది. దిద్దలేదు. ఆ గడి కింద నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ గుడ్డ వదిలిపెట్టాము.

ఉత్సవాలు ముగిశాక బొంతను అద్దాల పెట్టెలో పెట్టడం లేదు. సాయంకాలపు తరగతి జరిగే గదిలో, పిల్లల చేతికి అందేటంత ఎత్తులో వేలాడదీస్తున్నాము. కొత్తగా చేరి, తన పేరు తెలుగులో వ్రాయడం నేర్చుకున్న ప్రతివారూ ఆ ఖాళీలో తమ పేరు కుట్టవచ్చును. పెద్దలు కూడా చేరవచ్చునని ప్రత్యేకించి మనవి చేస్తున్నాము. సూది, దారం, కలం మేము సిద్ధంగా ఉంచుతాము.